నక్షత్రం లేని ప్రశ్న 412

ఫిబ్రవరి 6, సోమవారం

సభ మొదలైంది. ఈ ఒక్కరోజే మా ఆరోగ్యశాఖకు ముప్పై ఒక్క ప్రశ్నలు వచ్చాయి. అందులో ఇరవై ఆరు నక్షత్రం గుర్తు లేనివి. అంటే మంత్రిగారు లేచి నిలబడి నోటితో చెప్పక్కర్లేదు, కాగితం మీద రాసిస్తే చాలు. ఆ రాసిచ్చేవాడిని నేను. పద్దెనిమిదేళ్ళలో ఐదుగురు మంత్రులు మారారు, వాళ్ళలో ఇద్దరు పార్టీలు కూడా మారారు. సమాధానాలు మాత్రం నావే.

రోజంతా ఎవరికీ ఏమీ తెలియకుండా రాయడం నా ఉద్యోగం కాబట్టి, ఇంటికొచ్చాక ఒక పేజీ తెలిసేలా రాసుకుందామని ఈ పుస్తకం మొదలుపెట్టాను. ఎన్నాళ్ళు సాగుతుందో చూడాలి. ఇలాంటివే బీరువాలో ఇంకా మూడున్నాయి. ఒక్కటీ రెండో వారం దాటలేదు.

ఫిబ్రవరి 7, మంగళవారం

పన్నుల శాఖ నుంచి బదిలీ మీద ఒక అసిస్టెంటు వచ్చాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఆయనకు పని నేర్పమని పచ్చసిరా పురమాయించాడు. పచ్చసిరా అంటే మా ఉప కార్యదర్శి. పచ్చ సిరాతో తప్ప సంతకం పెట్టడు, సంతకం తప్ప ఏమీ పెట్టడు.

"ప్రశ్నని మొత్తంగా చదవకూడదు, ముక్కలుగా చదవాలి" అని చెప్పాను. "ప్రతి ప్రశ్నకీ ఎ, బి, సి, డి అని నాలుగు భాగాలుంటాయి. ఎ లో 'ఇది వాస్తవమేనా' అంటారు. మిగతావన్నీ 'వాస్తవమైతే ఎందుకు, ఎప్పుడు, ఎలా' అని దాని తోకలు. ఎ కి కాదండి అన్నామనుకోండి, మిగతావి ఉత్పన్నం కావు. మూడు భాగాల పని తప్పింది."

"మరి ఎ నిజమైతే?" అన్నాడు.

పన్నుల శాఖలో ఇరవయ్యేళ్ళు ఏం చేశాడో మనిషి.

ఫిబ్రవరి 9, గురువారం

ఈరోజు వచ్చినవాటిలో 412 ఒకటి. అడిగింది ప్రశ్నల మాస్టారు. పూర్వం బడిపంతులు, ఇప్పుడు సభ్యుడు, అలవాటు మాత్రం పోలేదు. సమావేశానికి నలభై ప్రశ్నలు తక్కువ కాకుండా వేస్తాడు. ప్రశ్న ఇది:

(ఎ) ప్రభుత్వ పెద్దాస్పత్రిలో లిఫ్టు ఏడు నెలలుగా పనిచేయడం లేదన్న విషయం వాస్తవమేనా?
(బి) అయితే, కారణాలేమిటి?
(సి) నాలుగో అంతస్తులోని రోగులను ఎలా దించుతున్నారు, ఎలా ఎక్కిస్తున్నారు?
(డి) ఎప్పటిలోగా బాగుచేస్తారు?

అది మా ఆవిడ పనిచేసే ఆస్పత్రి. నాలుగో అంతస్తులో ఎముకల వార్డుకు హెడ్ నర్సు. నడవలేనివాళ్ళని తీసుకెళ్ళి అన్నిటికన్నా పై అంతస్తులో పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, ఆ ఫైలు మా శాఖలో లేదు.

ఇంటి సంగతులు ఆఫీసుకీ, ఆఫీసు సంగతులు ఇంటికీ మోయకూడదన్నది నా నియమం. సూపరింటెండెంటు నివేదిక కోరుతూ లెటరు పంపాను.

ఫిబ్రవరి 10, శుక్రవారం

భోజనాల దగ్గర మా ఆవిడ భుజం నొక్కుకుంటూ కూర్చుంది.

"ఇవాళ ఆరుగుర్ని స్కానింగుకి దించాం, నలుగుర్ని ఎక్కించాం" అంది.

"మరి మిగతా ఇద్దరు?"

"మళ్ళీ పైకి రాము బాబోయ్ అన్నారు. అటునుంచటే ఇంటికెళ్ళిపోయారు. ఒకాయన కాలికి రాడ్డు కూడా వెయ్యలేదు ఇంకా." నా గ్లాసులో నీళ్ళు పోస్తూ, "మీదీ అదే శాఖ కదా, మీ ఆఫీసులో ఎవరి చెవినైనా వెయ్యకూడదూ?" అంది.

"అది వేరే సెక్షను" అన్నాను.

వేరే సెక్షనే. లిఫ్టులు భవనాల సెక్షను చూస్తుంది, అది మాకు కింది అంతస్తులో ఉంది. నేనేమీ అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 13, సోమవారం

ఆస్పత్రి సూపరింటెండెంటు నివేదిక వచ్చింది. ఒకటిన్నర పేజీ. పాపం, ఆయనకు రాయడం చేతకాదు, అన్నీ రాసేశాడు. అందులోంచి ఒక్క ముక్క ఉన్నదున్నట్టు ఎత్తి సమాధానంలో పెట్టాను.

(ఎ) కాదండి. ఆస్పత్రిలో లిఫ్టు సౌకర్యం అందుబాటులో ఉన్నది.
(బి), (సి), (డి) ఉత్పన్నం కావు.

పచ్చసిరా రెండుసార్లు చదివి, "ఇది సమాధానమంటే. ఎక్కడ పట్టుకుంటాడయ్యా మాస్టారు, పట్టుకోడానికి కొస ఏదీ?" అన్నాడు. నా ఎదురుగానే సంతకం పెట్టాడు. అలా ఎదురుగా పెట్టడం ఆయన ఇచ్చే పెద్ద బహుమతి.

కొత్త అసిస్టెంటు నివేదికా, సమాధానమూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. పని నేర్చుకుంటున్నాడు.

ఫిబ్రవరి 14, మంగళవారం

412 మంత్రిగారి సంతకంతో తిరిగొచ్చింది.

ఫిబ్రవరి 16, గురువారం

సమాధానం సభ ముందు పెట్టారు. ఎవరూ చదివినట్టు లేదు. సభలో ఎవరో ఎవరినో ఏదో అన్నారని ఇంకెవరో వెళ్ళిపోయారట.

మా ఆవిడకి భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టాను. మొగుడిగా నా బాధ్యతలు నేను మరిచిపోలేదు.

ఫిబ్రవరి 20, సోమవారం

భవనాల సెక్షను అధికారి పైకొచ్చాడు, చేతిలో టీ కప్పుతో. నా కోసం తెచ్చాడట. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి.

"పెద్దాస్పత్రి వాళ్ళు లిఫ్టు మరమ్మతు చేయించమని ఏడు నెలల నుంచి మా ప్రాణం తీస్తున్నారు. నీ పుణ్యాన ఆ ఫైలు మూసేశాను" అన్నాడు.

"ఎలా?"

"సభకు లిఫ్టు ఉందని మంత్రిగారే చెప్పాక, పనిచేసే లిఫ్టుకి మరమ్మతు ఏమిటి? ప్రతిపాదన ఎందుకు పంపారో సంజాయిషీ ఇమ్మని రాసి తిప్పి కొట్టాను. నీ సమాధానం కాపీ జతచేశాను కూడా."

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. టీ తెచ్చినవాడి ముందు నవ్వకపోతే బాగుండదు.

నిజానికి ఇందులో నా తప్పేమీ లేదు. నేను సభకు రాశాను, అతనికి కాదు. నా సమాధానం తీసుకెళ్ళి అతను ఎక్కడ అంటించుకుంటే నాకేం సంబంధం.

ఫిబ్రవరి 21, మంగళవారం

ఈరోజు పదకొండు సమాధానాలు పంపాను. పదకొండింటిలోనూ కొస లేదు. సంబంధం లేదు.

ఫిబ్రవరి 22, బుధవారం

ఆవిడ మెట్ల మీద పడింది. కుడిచెయ్యి రెండుచోట్ల.

ఫిబ్రవరి 23, గురువారం

సెలవు పెట్టాను. నిన్న అంతకన్నా రాసే ఓపిక లేకపోయింది.

నిన్న పన్నెండింటికి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. స్ట్రెచర్ మోసే పెద్దాయన చేశాడు. ఆయన ముందువైపు పట్టుకున్నాడట, మా ఆవిడ వెనకవైపు. ఆ పని ఆవిడది కాదు, రెండో మనిషి నడుం పట్టేసి రాలేదు. రెండో అంతస్తు మలుపులో ఎవరో తడిగుడ్డ పెట్టి వదిలేశారు. కాలు జారింది. స్ట్రెచర్ ఒరిగిపోతుంటే చెయ్యి కింద పెట్టిందట.

నేను వెళ్ళేసరికి పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు. "అమ్మగారు చెయ్యి అడ్డం పెట్టబట్టి సరిపోయింది సార్, లేకపోతే ఆ పేషెంటు..." అని మొదలుపెట్టాడు. ఎక్స్‌రే ఎక్కడ తీశారు, డాక్టరు ఉన్నాడా లేడా, అని గబగబా అడిగేశాను.

కట్టు కట్టే గది నాలుగో అంతస్తులోనే. విరిగిన చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని తనే ఎక్కిందట, కట్టయ్యాక తనే దిగివచ్చింది. నడవగలిగింది కాబట్టి ఎవరూ మోయాల్సిన అవసరం రాలేదని కింద కలిసిన డ్యూటీ డాక్టరు సంతోషించాడు. మణికట్టు, మోచేయి. ఆరు వారాల కట్టు. మోచేయి పూర్తిగా చాచగలదో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. నేను రెట్టించలేదు. ఆ రకం సమాధానం విలువ నాకు తెలుసు.

ఇంటికొచ్చాక జడ విప్పమంది. ముడి పడిన జుట్టు ఎలా విప్పాలో నాకు తెలియదు. చాలాసేపు పట్టింది. ఆవిడ ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. నాకే ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 25, శనివారం

అన్నం మాడింది. కూర ఉడకలేదు. రెండూ ఒకే పొయ్యి మీద ఎలా సాధించావని అడిగింది మా ఆవిడ. ఎడమచేత్తో తింటూ నవ్వింది.

అంతా బాగానే ఉంది. విధి నిర్వహణలో గాయం కాబట్టి ఆరు వారాలూ ప్రత్యేక సెలవు ఇస్తారు, సొంత సెలవు కరగదు. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు.

ఫిబ్రవరి 28, మంగళవారం

ఆస్పత్రి నుంచి ఆవిడకు మెమో వచ్చింది. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను.

"చెయ్యి లేనిదాన్ని, మీరే చదవండి. జవాబు కూడా మీరే రాద్దురుగాని. ఇన్నాళ్ళకి మీ విద్య ఇంటికి పనికొచ్చింది" అంది.

కుర్చీ లాక్కుని, తెల్లకాగితం ముందు పెట్టుకుని చదివాను. లిఫ్టు సౌకర్యం అందుబాటులో ఉండగా మీరు మెట్లను ఎందుకు వాడారో, గాయాన్ని మీ నిర్లక్ష్యం కింద ఎందుకు లెక్కించకూడదో మూడు రోజుల్లో తెలపాలి. అంతవరకు ప్రత్యేక సెలవు మంజూరు కాదు. జవాబు తృప్తికరంగా లేకపోతే శాఖాపరమైన చర్య ఉంటుంది. జత: సభకు ఇచ్చిన సమాధానం, నంబరు 412.

"అదేంటి, ఏ లిఫ్టు?" అంది. "పాపం మా సూపరింటెండెంటుకి ఏమైనా అయిందా? మొన్నేగా లిఫ్టు బాగుచేయించండి మహాప్రభో అని ఆయనే రాసింది. దానిక్కూడా సంజాయిషీ అడిగారట. అప్పట్నుంచీ బెదిరిపోయి ఉన్నాడు మనిషి." ఆ తర్వాత, "ఆ జత చేసిందేమిటో అదీ చదవండి" అంది.

చదివాను. రెండే పంక్తులు.

ఆవిడ నావైపు చూసింది. "ఇంకోసారి చదవండి."

చదివాను.

"ఇది మీరు రాసిందే" అంది.

"మా సెక్షన్లో చాలామంది..." అని నీళ్ళు నమిలాను.

"పోయినేడు వంటింటి కుళాయి పాడైంది, గుర్తుందా? నెల్లాళ్ళు పెరట్లోంచి బకెట్లు మోశాను. మీ అక్కయ్య ఫోన్ చేసి, ఏరా ఇంట్లో నీళ్ళు రావట్లేదట కదా అంటే ఏమన్నారు? ఇంట్లో నీటి సౌకర్యం అందుబాటులో ఉంది అన్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను, రెండు చేతుల్లో రెండు బకెట్లతో."

మెమో మడతపెట్టి బల్ల మీద పెట్టాను.

"నేను చెప్పాక రాశారా, చెప్పకముందు రాశారా?"

"నువ్వు చెప్పాక" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. "ఆ కలం కింద పెట్టండి. పక్కింటి టీచరుగారి చేత రాయించుకుంటాను" అని లేచి, ఎడమచేత్తో తలుపు తీసుకుని వెళ్ళింది. తలుపు తీయడానికి సాయం చేద్దామని లేచాను గాని, అప్పటికే తీసుకుంది.

మార్చి 1, బుధవారం

మాట్లాడటం లేదు. అడిగినదానికి అవును, కాదు అంటోంది. అంతకుమించి ఏదీ ఉత్పన్నం కావడం లేదు.

మార్చి 2, గురువారం

ఈ పుస్తకంలో 13వ తేదీ రాసింది మళ్ళీ చదివాను. 'ఒక్క ముక్క ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టాను' అని రాసుకున్నాను. నా పుస్తకంలో, నా ఇంట్లో, నేను తప్ప చదివేవాడు లేని చోట కూడా సమాధానమే రాసుకున్నాను. బాగా పాడైపోయాను.

సూపరింటెండెంటు రాసిన వాక్యం పూర్తిగా ఇది: 'పరిపాలన భవనంలో అధికారుల కోసం లిఫ్టు సౌకర్యం అందుబాటులో ఉన్నది గాని, రోగుల భవనంలోని ఏకైక లిఫ్టు గత ఏడు నెలలుగా పనిచేయనందున నడవలేని రోగులను సిబ్బంది మెట్ల మీద మోయవలసి వస్తున్నది, ఎప్పుడైనా ప్రమాదం జరగవచ్చు.'

అధికారుల లిఫ్టు రెండంతస్తులు వెళుతుంది. సూపరింటెండెంటు గది రెండో అంతస్తులో ఉంది.

ప్రశ్నల మాస్టారు ఏ భవనమో అడగలేదు. అదే నాకు దొరికిన సందు. దొరికినప్పుడు ఎంత సంతోషమేసిందో ఇప్పటికీ గుర్తుంది. ఆరోజు టీ కూడా రుచిగా ఉంది.

మార్చి 3, శుక్రవారం

పదింటికే ఆఫీసుకెళ్ళి 412 ఫైలు తీయించాను. నోటు కాగితం మీద ఇలా రాశాను:

'ఈ సమాధానం తప్పు. నివేదికలోని వాక్యాన్ని సగానికి విరిచి, అధికారుల లిఫ్టును ఆస్పత్రి లిఫ్టుగా చూపించాను. రోగుల లిఫ్టు పనిచేయడం లేదని ముసాయిదా రాసేనాటికే నాకు తెలుసు. నివేదిక వల్లా తెలుసు, అక్కడ నర్సుగా ఉన్న నా భార్య చెప్పడం వల్లా తెలుసు. సభకు సవరణ ఇవ్వాలి.'

సంతకం పెట్టాను. నోటు కాగితాలకు పేజీ నంబర్లు ఉంటాయి, ఒకసారి ఎక్కిన పేజీని ఊడబెరకడానికి వీల్లేదు. అలా వీల్లేకుండా ఉండాలని సలహా ఇచ్చి, ఉత్తర్వు తెప్పించింది పూర్వం నేనే. ఎదుటివాళ్ళని కట్టెయ్యడానికి అప్పట్లో చాలా తెలివిగా తోచింది.

కొత్త అసిస్టెంటు చదివి, "నేను తీసుకెళ్ళి ఇవ్వనా సార్?" అన్నాడు. వద్దని నేనే తీసుకెళ్ళాను. భార్య చెయ్యి విరిగితే తప్ప మొగుడి చెయ్యి నిజం రాయదన్నమాట.

మార్చి 6, సోమవారం

పచ్చసిరా ఫైలు ముందు పెట్టుకుని తల పట్టుకు కూర్చున్నాడు.

"ఏమయ్యా, మతి పోయిందా? మీ ఆవిడ మెమో సంగతి నాతో ఒక్క మాట అంటే ఫోన్లో తేల్చేసేవాణ్ణి కదా. సెలవు ఇప్పించేవాణ్ణి. ఆవిడ ఒక్కదాన్నీ మినహాయింపు కింద చూపిస్తే సరిపోయేది."

"లిఫ్టు సార్?"

"లిఫ్టుకేం, లిఫ్టు ఎక్కడికి పోతుంది?"

ఎక్కడికీ పోదు. అదే కదా గొడవ. నవ్వొచ్చింది, ఆపుకోలేదు. అది ఆయనకు మరీ కోపం తెప్పించింది.

"ఇప్పుడు మంత్రిగారు సభలో తప్పయిందని చెప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళు కొస లేకుండా రాసినవాడివి, చివరికి నీ కొసే నాకు చుట్టావు" అన్నాడు. పచ్చ కలం తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. ఫైలు సంతకం లేకుండానే పైకి వెళ్ళింది.

మార్చి 9, గురువారం

సవరణ సభ ముందుకు వెళ్ళింది. నన్ను రాయనివ్వలేదు. ఇంకెవరో రాశారు. అయినా బాగానే రాశారు:

'ప్రశ్న 412కు ఇచ్చిన సమాధానంలో (ఎ) కాదండి అన్నచోట (ఎ) అవునండి అని చదువుకోవాలి. (బి) నుంచి (డి) వరకు సమాచారం సేకరిస్తున్నారు.'

సమాచారం నా బల్ల మీదే ఒకటిన్నర పేజీ పడి ఉంది. దాన్ని ఎక్కడి నుంచి సేకరిస్తారో మరి.

మా ఆవిడ మెమో రద్దయింది. సెలవు మంజూరైంది. సోమవారం నుంచి నన్ను పాత ఫైళ్ళ గదికి వేశారు. క్రమశిక్షణ చర్య గురించి తర్వాత తెలియజేస్తారట. అసిస్టెంటు నా కుర్చీలోకి వస్తాడు. ఆయనకిక నేర్పేందుకేమీ లేదు. పైగా నేర్పిందంతా మరిచిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నేళ్ళయిందో. ఇంటికెళ్ళి చెప్పాలి.

మార్చి 10, శుక్రవారం

నిన్న చెప్పాను. అంతా చెప్పాను. నోటు కాగితం, పచ్చసిరా కోపం, నా బదిలీ, సవరణ, ఒక్క ముక్క విరవకుండా. కొంచెం గర్వంగానే చెప్పానేమో.

"సరే" అంది. ఎడమచేత్తో బట్టలు మడతపెట్టుకుంటోంది.

ఇంకేదో అంటుందని ఎదురుచూశాను. చివరికి నేనే, "నీ సెలవు వచ్చేసినట్టే, ఇక ఏ ఇబ్బందీ లేదు" అన్నాను.

"ఆవిడ ఏమైంది?" అంది.

"ఎవరు?"

మడతపెట్టడం ఆపింది. "స్ట్రెచర్ మీద ఉన్న ఆవిడ. ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా అడుగుతారేమోనని చూశాను. నా చెయ్యి గురించి అడిగారు, నా సెలవు గురించి అడిగారు, మీ ఉద్యోగం గురించి గంటసేపు చెప్పారు. నేను చెయ్యి పెట్టింది ఎవరి కింద?"

పెద్దాయన ఆరోజు చెప్పబోయాడు. నేనే మాట మార్చాను. వినకపోతే తెలియదు, తెలియకపోతే నా బాధ్యత కాదు. ఆ విద్య అంత లోతుగా దిగిపోయిందని అప్పటిదాకా నాకూ తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమైంది?" అని అడిగాను.

చెప్పింది. తుంటి విరిగిన మనిషి, దర్జీ కొట్లో గుండీలు కుట్టుకుంటుంది. ఆరోజు దెబ్బ తగల్లేదు. ఆపరేషనూ ఆ పై అంతస్తులోనే, బాగానే జరిగింది. ఇంటికి పొమ్మని రాసి ఎనిమిది రోజులైంది. పోలేదు. ఎందుకంటే, మా ఆవిడ పడిన మర్నాడే సూపరింటెండెంటు ఉత్తర్వు ఇచ్చాడు, ఇకమీదట ఎవరినీ మెట్ల మీద మోయరాదని. మోస్తే మోసినవాళ్ళదే బాధ్యత. లిఫ్టు లేదు, మోయకూడదు. నాలుగో అంతస్తులో పద్నాలుగు మంది, జబ్బు తగ్గి, అక్కడే ఉండిపోయారు.

"వాళ్ళకి మీ సవరణ వినిపించనా?" అంది మా ఆవిడ.

మార్చి 12, ఆదివారం

ఆదివారం సూపరింటెండెంటు ఉండడు. పెద్దాయన్ని బతిమాలి రప్పించాలనుకున్నాను. బతిమాలక్కర్లేకపోయింది, ఇలా ఎవరైనా పిలిస్తే బాగుండునని వారం నుంచి చూస్తున్నాడట. అసిస్టెంటు కూడా వచ్చాడు, ఎవరు చెప్పారో తెలియదు.

ఆ మెట్లు ఎక్కడం నాకు ఇదే మొదటిసారి. పన్నెండేళ్ళుగా మా ఆవిడ పనిచేసే చోటు. మూడో అంతస్తుకి నా రొప్పు నాకే వినిపించింది. లిఫ్టు తలుపుకి అడ్డంగా ఒక బల్ల పెట్టి, దాని మీద మందుల పెట్టెలు పేర్చారు. మొత్తానికి సౌకర్యం దేనికో ఒకదానికి అందుబాటులో ఉంది.

గుండీలు కుట్టే ఆవిడ సన్నగా ఉంది, నలభై కిలోలు ఉంటుందేమో. కుర్చీలో కూర్చోబెట్టి, నడుం చుట్టూ దుప్పటి బిగించాం. పెద్దాయన, అసిస్టెంటు కింది వైపు, నేను వెనకాల. మా ఆవిడ కట్టు చేత్తో ముందు నడుస్తూ, ఇక్కడ మలుపు, ఇక్కడ తడి, అని చెబుతోంది. నలభై కిలోలు ఒక్క అంతస్తు దిగేసరికే రెట్టింపైంది. రెండో అంతస్తు మలుపులో చేతులు జారబోయాయి. మా ఆవిడ కింద చెయ్యి పెట్టింది ఇక్కడే. పళ్ళు బిగబట్టి పట్టుకున్నాను. కుర్చీలో ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది, భయం మొహమంతా ఉంది.

కింద ఆవిడ చెల్లెలు బండి మాట్లాడి ఉంచింది. కుర్చీ నేల మీద ఆనాక గాని ఆవిడ కళ్ళు తెరవలేదు. ఒకసారి ఎండలోకి చూసింది. తర్వాత నావైపు. నా చొక్కా అంతా తడిసిపోయి, గోడకి ఆనుకుని ఉన్నాను.

"ఈయనెవరమ్మా? ఎప్పుడూ చూడలేదు. ఆస్పత్రి మనిషేనా?" అని మా ఆవిడని అడిగింది.

మా ఆవిడ నావైపు చూసింది. మావారు అని ఊరుకుంటుందేమో అనుకున్నాను.

"మావారు. లిఫ్టు బాగానే ఉందని రాసింది ఈయనే" అంది.

ఆ గుండీలు కుట్టే ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కూడా అనుకున్నాను.

"అయితే మిగతావాళ్ళని కూడా ఈయన్నే దింపమను" అంది.

ఇంకా పదమూడు మంది. పెద్దాయన అప్పటికే కుర్చీ భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. నేను వెనకాలే ఎక్కాను.